హద్దు పిలిచిన ఆదివారం

ఆ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల మధ్య నిలబడి ఫోన్లోకి గొంతు చించుకుని అరిచిన అమ్మాయిని నేనే. ఈ మాట మా ఇంటివాళ్లకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మా షాపులో ఆపరేటరక్క టీ తాగుతూ, "నిన్న బుక్స్ కాడ ఒక పోరి ఒర్రుడు చూడాల్సిందంట, మా తమ్ముడు చెప్పిండు. బాయి అంటది, బండ అంటది, గంగ అంటది. పాపం, జర దిమాగ్ ఖరాబైనట్టుంది" అని నవ్వింది. నేను చేతిలో ఉన్న పెళ్లికార్డు ప్రూఫు మీది నుంచి తల ఎత్తకుండా "అవునా అక్కా" అన్నాను.

నమ్మడం కష్టమే. నాంపల్లి స్టేషన్ రోడ్డు వెనక ఒక డీటీపీ షాపులో ప్రూఫులు చూస్తాను నేను. పెళ్లికార్డులు, ఓపెనింగ్ కరపత్రాలు, అప్పుడప్పుడు ఎవరో రిటైరైన మాస్టారి జ్ఞాపకాలు. రోజంతా నోరు తెరవకుండా గడిచిపోయే పని. అందుకే నాకు నచ్చింది. బస్సులో "దిగాలి" అని అరవలేక ఎన్నోసార్లు అఫ్జల్‌గంజ్ దాకా వెళ్లి వెనక్కి నడిచాను. హాస్టల్లో కూరలో ఉప్పు లేకపోతే డైరీలో రాసుకుంటాను గాని వంటామెకు చెప్పను. అలాంటిదాన్ని ఎందుకు అరిచానో చెప్పాలంటే ముందు మా నేల సంగతి చెప్పాలి.

మాది కృష్ణ ఒడ్డు. డ్యామ్ కట్టినప్పుడు మా తాతల ఊరూ, ఊరి కింది పొలాలూ నీళ్ల కిందికి పోయాయి. జనం గుట్ట మీదికి జరిగారు. నేను పుట్టింది ఆ గుట్ట మీది ఊర్లోనే. అయితే నీళ్లు ఏడాది పొడవునా ఒక్కలాగా నిలబడవు. వానాకాలంలో నిండుతాయి, చలి విరిగేసరికి దిగడం మొదలుపెడతాయి. దిగుతూ దిగుతూ మునిగిన పొలాలను మళ్లీ బయటపెడతాయి. అప్పుడు మావాళ్లు గుట్ట దిగి, వెనక్కి పోతున్న నీళ్ల వెంబడే నడుస్తూ, తడి ఆరకముందే విత్తనం పెడతారు. మిట్టన పల్లి, పల్లాన పుచ్చ. ఎరువు అక్కర్లేదు, గంగ తెచ్చిపెట్టిన ఒండ్రు ఉంటుంది. మా వైపు నదిని పేరుపెట్టి పిలవరు, గంగ అంటారు. తొలకరి తర్వాత గంగ మళ్లీ పైకి ఎక్కేలోపు పంట ఇంటికి చేరాలి. చేరితే ఆ ఏడాది గడుస్తుంది. మాకు వేరే పొలం లేదు.

ఈ నేలకు పట్టాలు ఉండవు. కాగితాల్లో అది నీళ్ల భూమి. గట్లు కూడా నిలవవు, ఒండ్రు అన్నిటినీ కప్పేస్తుంది. అందుకని మా దగ్గర హద్దు పిలవడం అనే ఆచారం ఉంది. నీళ్లు దిగిన రోజు ఇంటికొకరు బురదలో నిలబడి, తమ చెలక, అంటే తమ వంతు నేల, ఏ గుర్తు నుంచి ఏ గుర్తు దాకానో అందరికీ వినపడేలా పిలవాలి. పక్క చెలకవాళ్లు విని "ఔ" అనాలి. ఔ అంటే ఆ ఏడాది ఆ నేల ఆ ఇంటిది. పిలిచేవాళ్లు ఆ ఇంట్లో పుట్టినవాళ్లై ఉండాలి, కోడలు పిలిస్తే చెల్లదు. పిలిచే మనిషి రాకపోయినా, పక్కవాళ్లు ఔ అనకుండా నోరు మూసుకున్నా, ఆ నేల పక్కవాళ్ల విత్తనంలో కలిసిపోతుంది. ఎవరూ ఎవరినీ కొట్టరు, తిట్టరు. మరుసటి ఏడాది వెళ్లి పిలిస్తే మాత్రం, "పోయినేడు నీ గొంతు వినపడలే గదా" అంటారు. అంతే, ఆ ఇల్లు ఆ బురదలోంచి వెళ్లిపోయినట్టు.

మా ఇంట్లో పుట్టినవాళ్లం ఇద్దరమే. నాన్న, నేను.

నాన్న గొంతు పెద్దది. ఆయన హద్దు పిలిస్తే గుట్ట మీద దోమతెరలు కుట్టుకునే ముసలమ్మలకు కూడా వినపడేదని అమ్మ అంటుంది. నేనెప్పుడూ వినలేదు. అయిదో తరగతి నుంచి గురుకులంలో ఉన్నాను; నీళ్లు దిగేది ఎప్పుడూ బడి రోజుల్లోనే. నేను ఎండాకాలం సెలవులకు వెళ్లేసరికి పుచ్చతీగలు నేలంతా పాకి ఉండేవి. మా చెలకా, పక్కనే ఉన్న పెదనాన్న చెలకా కలిసిపోయి ఒక్కటే పచ్చటి దుప్పటిలా కనపడేవి. అందులో ఒక రాయి మీద కూర్చుని నేను లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఆ రాయి ఎవరి నేలలో ఉందో ఎన్నడూ అడగలేదు.

పోయిన పంట కోతల్లో నాన్న గొంతు బొంగురు పోయింది. చలికాలం వచ్చేసరికి చేటలో బియ్యం చెరిగినట్టు గరగరమని మాత్రం వినపడేది. హైదరాబాద్ తీసుకొస్తే గొంతులో గడ్డ అన్నారు. నా హాస్టల్‌కు నడిచిపోయేంత దూరంలో ఉన్న దవాఖానలో ఆపరేషన్ అయింది. "మంచి గడ్డనే, క్యాన్సర్ కాదు, ఫికర్ చెయ్యకండి" అన్నాడు డాక్టరు. "కాని మాట మాత్రం వద్దు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చెడ్డది."

ఆపరేషన్ అయి నాన్న లేచి కూర్చోగానే అమ్మ ఊరికి బయల్దేరింది. "నీళ్లు దిగుతున్నయంట. నేను పోయి కనిపెట్టుకొని ఉంట. నాయినను ఇడిస్తె తోల్కొని రా. ఆయన పక్కన నిలవడితె నువ్వు పిలుద్దువు గాని" అంది బస్సెక్కుతూ. నేను తల ఊపాను. నేను పిలవడం! నీళ్లు దిగడానికి ఇంకా టైముంది, నాన్నను ముందే ఇంటికి పంపిస్తారు, అప్పుడు చూసుకోవచ్చు అనుకుంటూ రోజులు నెట్టాను.

అమ్మ భయం నీళ్ల గురించి కాదు, పెదనాన్న గురించి. నాన్నకు పెదతండ్రి కొడుకు ఆయన. మా తాత, ఆయన తండ్రి అన్నదమ్ములు. ఇద్దరూ కలిసి తవ్వించిన మోటబావి ఇప్పటికీ నీళ్లు దిగినప్పుడు రాతి ఒరతో సహా బయటపడుతుంది. ఆ బావే మా రెండు ఇళ్లకూ మధ్య హద్దు. పెదనాన్న చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే భుజం మీద వేసుకుని రోడ్డు దాకా మోసుకెళ్లాడు. కాని ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరికీ పిల్లలు. ఆ ఒక్క చెలక వాళ్లకు చాలదు. అమ్మ ఊరికి వెళ్లిన రోజునే వాకిట్లో నిలబడి, "ఏం మరదలా, తమ్ముడికి నోరు లేకపాయె. ఈసారి నీ హద్దు ఎవలు పిలుస్తరు?" అని అడిగాడట. అడిగినతీరు మంచిగా లేదని అమ్మ ఫోన్లో ఒకటికి రెండుసార్లు చెప్పింది.

వార్డులో నాన్నకు కాలు నిలిచేది కాదు. మంచం దిగి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా, మళ్లీ మంచానికి. కిటికీలోంచి కనపడేవి ఎదురు బిల్డింగు మీది నీళ్ల ట్యాంకులు. వాటినే చూసేవాడు. నన్ను చూడగానే అరచేయి బోర్లా పెట్టి కిందికి దించుతూ కనుబొమలు ఎగరేసేవాడు. నీళ్లు ఎంత దిగాయి అని. "అమ్మ ఇంకా చెప్పలేదు నాన్నా" అంటే చేయి విసిరేవాడు.

ఒక సాయంత్రం మంచం మీది దుప్పటిని పైకి లాగి ముడతలు పెట్టడం మొదలుపెట్టాడు. అంచున పొడుగు మడత: గంగ. దానికి పైన ఇంకో మడత: ఊరికి పోయే పాత బాట. రెండింటి మధ్య టానిక్ సీసా నిలబెట్టి, రెండు చేతులతో మోట లాగినట్టు చూపించాడు. బావి. సబ్బుపెట్టె ఒకవైపు పెట్టి, తలమీద రెండు వేళ్లు కొమ్ముల్లా ఆడించాడు. గొర్లబండ, ఒకప్పుడు గొర్రెల మంద నిలిచే చోటట. దువ్వెన రెండోవైపు పెట్టి, నోట్లో పులుపు తగిలినట్టు ముఖం ముడిచాడు. చింతమొద్దు. ఎన్నో ఏళ్లుగా నీళ్లలో నాని నల్లబడిన చింతచెట్టు మొదలు. చివరికి సీసా నుంచి కిటికీ వైపున్నదంతా అరచేత్తో నిమిరి, తన గుండె మీద తట్టుకున్నాడు: అది మాది. నాన్న సంతకం తప్ప ఏమీ రాయలేడు, అందుకే ఈ నాటకమంతా.

"ఏంది పెద్దాయనా, బెడ్‌షీట్ మీద బజార్ పెట్టినవ్?" అంటూ సిస్టర్ వచ్చింది.

పక్క మంచం మీద ముక్కుకు కట్టుతో ఒక ఆటో అన్న ఉండేవాడు. "ప్లాట్లు కొట్టి అమ్ముతుండు సిస్టర్" అన్నాడు. "నేను కార్నర్ బిట్‌కు మాట ఇచ్చిన. మీగ్గూడ కావాల్నంటె ఇప్పుడే చెప్పున్రి, రేపటికి రేటు పెరుగుతది."

నాన్న భుజాలు కదిలేలా నవ్వాడు, చప్పుడు లేకుండా. సిస్టర్ కూడా నవ్వుతూనే దుప్పటి దులిపి పరిచి, ఆయనకు ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లింది. కాసేపటికి ఆయన నిద్రపోయాడు. నేను కూర్చుని ఆ వస్తువులన్నీ ఆయన కాళ్ల దగ్గర మళ్లీ పేర్చుకున్నాను. మడత, మడత, సీసా, పెట్టె, దువ్వెన. మాది బావి నుంచి ఏ గుర్తు దాకానో నోట్లోనే పదిసార్లు అనుకున్నాను. ప్రూఫులు చూసే అలవాటు, ఒకసారి పట్టుకున్నది మరిచిపోను అనే ధైర్యం.

తర్వాత రోజుల్లో నాకూ కాలు నిలవలేదు. షాపులో ఒక పేజీ రెండుసార్లు చదివినా ఏం చదివానో తెలిసేది కాదు. ఫోను బల్ల మీద పెడితే మోగినట్టు, జేబులో పెడితే వణికినట్టు అనిపించేది. మధ్యాహ్నం స్టేషన్ బయట నిలబడి, ఎటు వెళ్లేదో తెలియని బస్సుల్ని చూసేదాన్ని. ఎవరూ లేని లిఫ్టులో ఒకసారి "మా హద్దు" అని గట్టిగా అనడానికి ప్రయత్నించాను. దగ్గు వచ్చింది.

ఆ ఆదివారం పొద్దున ఇడ్లీ తీసుకుని వార్డుకు వెళ్తే డాక్టరు రౌండ్లు ఉన్నాయని సిస్టర్ బయటికి పంపేసింది. "ఒక గంట తిరిగి రా పో. నువ్వు గూడ మీ నాయిన లెక్కనే ఒక కాడ కూర్చోవు." కాళ్లు వాటంతట అవే అబిడ్స్ వైపు నడిచాయి. మూసిన షట్టర్ల ముందు పట్టాలు పరిచి పుస్తకాలు పోసి ఉన్నాయి. నేను ఎప్పుడూ వెళ్లే ముసలాయన దగ్గర వంగి ఒక పుస్తకం తీశాను. ఆయన అలవాటుగా, "చదువుకో బేటీ, నిలబడి చదివితే ఫ్రీ" అన్నాడు.

ఫోన్ మోగింది. అమ్మ.

"ఏడున్నవే?"

"అబిడ్స్‌లో. ఏమైంది?"

"గంగ దిగింది. పొద్దుగాల లేచి చూస్తె బాయి ఒర కనపడ్తుంది. కింద కరెంటు కోసం నీళ్లు ఇడిసిన్రంట, ఒక్కసారి గుంజుకపోయింది. అందరు వచ్చిన్రు. పిలుస్తున్రు."

ఫోన్లో గాలి హోరు, దాని వెనకాల ఎవరివో కేకలు. దూరంగా ఒక గొంతు హద్దు పిలుస్తోంది, చాలామంది కలిసి "ఔ" అంటున్నారు.

"నేను ఇప్పుడే బస్సెక్కుతా అమ్మా."

"నువ్వొచ్చేదాక ఆగుతరా? మాపటికల్ల విత్తనాలు పడ్తయ్. నాయినతోటి అయ్యేది కాదు. నువ్వే పిలువు. స్పీకర్ పెట్టిన."

"ఫోన్లోనా?"

అవతల ఒక ముసలి గొంతు వినపడింది. ఊర్లో అందరికన్నా పెద్దది, హద్దుల దగ్గర తగువులొస్తే తేల్చే అవ్వ. "నోరు ఏడున్నా సరే బిడ్డా, గొంతు ఈడ వినపడాలె. గంతే. పిలువు."

"ఫోన్ల పిలుసుడు ఏందవ్వా?" ఇది పెదనాన్న. "ఇయ్యాల ఫోన్ల పిలుస్తరు, రేపు టీవీల పిలుస్తరు. పంట గూడ టీవీలనే కోసుకుంటరు."

కొందరు నవ్వారు. "ఆడపిల్ల గద, చెల్లుతదా?" అని ఇంకెవరో అన్నారు. "ఆ ఇంట్ల పుట్టిందా లేదా?" అంది అవ్వ. "పుట్టింది. చెల్లుతది. నువ్వు పిలువే."

నేను చుట్టూ చూశాను. ఎదురుగా ఒక కుటుంబం పిల్లల బొమ్మల పుస్తకాలు ఏరుతోంది. పక్కన ఇద్దరు కుర్రాళ్లు ఇంజినీరింగ్ గైడ్ల బేరం ఆడుతున్నారు. రోడ్డు మీద బస్సు హారన్. నేను షట్టర్ వైపు తిరిగి, చేయి అడ్డం పెట్టుకుని, "మా హద్దు పిలుస్తున్నా..." అన్నాను.

"వినపడ్తలేదు" అంది అమ్మ.

ఇంకొంచెం పెంచాను.

"వినపడ్తలేదే! గాలి కొడ్తుంది. గట్టిగ!"

"మూడుసార్లు పిలిచినా వినపడకపోతె ఇగ లేనట్టే గదా అవ్వా" అన్నాడు పెదనాన్న. మెల్లగానే అన్నాడు. నాకు మాత్రం స్పష్టంగా వినపడింది.

పుస్తకాల ముసలాయన అమ్మ కేకలు విన్నట్టున్నాడు. స్టూలు మీది నుంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. "అరే బేటీ, ఉధర్ సునాయ్ నై దేరా. జోర్‌సే బోలో, జోర్‌సే! ఇది అబిడ్స్, ఇక్కడ మెల్లగా మాట్లాడితే ఎవరికీ వినపడదు" అని, బేరమాడే కుర్రాళ్ల వైపు తిరిగి, "ఏయ్, చుప్!" అని గద్దించాడు. వాళ్లు నిజంగానే నోరు మూశారు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఊపిరి పీల్చి అరిచాను. నా గొంతులో అంత పెద్దది ఉందని నాకు తెలియదు.

"మా హద్దు పిలుస్తున్న! బాయి కాంచి ఎగువకు, చింతమొద్దు దాక మాది! మిట్టన పాత బాట, పల్లాన గంగ! ఔనా?"

అబిడ్స్‌లో ఆ ముక్క ఫుట్‌పాత్ మీద ఎవరూ కదల్లేదు. ఫోన్లో కూడా గాలి తప్ప ఏమీ లేదు. పెదనాన్న నోరు మూసుకున్నాడు, అయిపోయింది, నేల పోయింది అనుకున్నాను. నాన్నకు ఏమని చెప్పాలి?

అప్పుడు ఫోన్ పగిలిపోయేలా అరుపు.

"ఓ పిల్లా! చింతమొద్దు నీదెట్లయితదే? చింతమొద్దు నాది! బాయి కాంచి ఎగువకు చింతమొద్దు దాక నాది. బాయి కాంచి దిగువకు గొర్లబండ దాక మీది! మీ తాత కాంచి గంతే ఉంది! హైదరాబాద్‌ల కూర్చొని నా చెలక గుంజుకుంటవా?"

తర్వాత నవ్వులు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, బురద బురదంతా నవ్వుతున్నట్టు. అమ్మ కూడా నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏదో నాకు తెలియలేదు.

నాకు చెవులు వేడెక్కిపోయాయి. దుప్పటి గుర్తొచ్చింది. నాన్న పేర్చినప్పుడు సబ్బుపెట్టె కిటికీ వైపు ఉంది. సిస్టర్ దులిపాక నేను పేర్చినప్పుడు అక్కడ దువ్వెన పెట్టాను; చింతమొద్దు బావికి ఎగువన ఉంటుందని తెలుసు కాబట్టి ఎగువకు అని కూడా కలుపుకున్నాను. ఆ సాయంత్రం నేను కంఠతా పట్టింది నా పటాన్ని, నాన్న పటాన్ని కాదు. మా నేల వదిలేసి పెదనాన్న నేలను నడి అబిడ్స్‌లో నిలబడి నాదని పిలిచాను.

"ఇంకేం మిగిలిందిరా?" అవ్వ గొంతు. "ఆమె హద్దు నువ్వే పిలిస్తివి గద."

"నేను పిలువలే! తప్పు చెప్తె దిద్దిన."

"దిద్దినా పిలిచినా నోరు నీదే. బాయి కాంచి గొర్లబండ దాక వాళ్లది అన్నవా, అనలేదా? గింతమంది విన్నరు."

పెదనాన్న నోరు మూసుకోవాలనే వచ్చాడని ఆ తర్వాత అమ్మ చెప్పింది. పొద్దున నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా, చేతులు కట్టుకుని, బావి ఒర మీద కూర్చున్నాడట. ఔ అనకపోవడం కన్నా తేలికైన పని లేదు. కాని తన నేలను ఎవరో పిలుస్తుంటే ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

"బిడ్డా" అంది అవ్వ, "ఇప్పుడు సక్కగ పిలువు. ఎగువ కాదు, దిగువ."

రెండోసారి పిలవడం మొదటిదానికన్నా కష్టమైంది. మొదటిసారి భయంతో అరిచాను. ఇప్పుడు నవ్వుతున్న జనం ముందు అరవాలి, ఇక్కడా అక్కడా. అయినా పిలిచాను. బావి నుంచి దిగువకు గొర్లబండ దాకా. మిట్టన పాత బాట, పల్లాన గంగ.

గాలి. ఎవరో దగ్గారు.

"ఔ" అన్నాడు పెదనాన్న. పళ్ల మధ్య నుంచి వచ్చినట్టుంది, కాని వచ్చింది. దిగువ చెలకవాళ్లూ "ఔ" అన్నారు. అమ్మ "సరే ఇగ పెట్టేస్తున్న, విత్తనం సంచి పైన్నే ఉంది" అంటూ ఫోన్ పెట్టేసింది.

"క్యా హువా, జమీన్ మిలీ?" అడిగాడు ముసలాయన.

"మిలీ" అన్నాను, దొరికిందని. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదేనేమో. బొమ్మల పుస్తకాలు ఏరుతున్నావిడ, "ఎన్ని ఎకరాలమ్మా?" అని అడిగింది. నేను పుస్తకం పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా, దాదాపు పరుగెత్తుకుంటూ దవాఖానకు వెళ్లాను.

నాన్న మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నాడు. నన్ను చూడగానే అరచేయి బోర్లా పెట్టాడు. నేను తల ఊపాను. నీళ్లు దిగిపోయాయని, పిలవడం కూడా అయిపోయిందని చెప్పాను. ఆయన రెండు చేతులూ మంచం పట్టీ మీద ఆనించి లేవబోయాడు. "కూర్చో నాన్నా. నేనే పిలిచా, ఫోన్లో" అన్నాను. ఎలా పిలిచానో చెప్పడం మొదలుపెట్టాను. "బావి నుంచి ఎగువకు, చింతమొద్దు దాకా..." అనగానే ఆయన నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. ముఖంలో రంగు పోయింది. గబగబా మిగతాది చెప్పాను. పెదనాన్న అరుపు, ఆయన గొంతుతోనే అరిచి చూపించబోయి వార్డు అని గుర్తొచ్చి ఆగాను. "గొర్లబండ దాకా మీదీ అని ఆయనే అన్నాడు నాన్నా. అందరి ముందూ."

నాన్న పొట్ట పట్టుకున్నాడు. చప్పుడు లేదు, కాని మంచం కిర్రుమని ఊగుతోంది. కళ్లనుంచి నీళ్లు. గొంతు మీద చేయి పెట్టుకుని, నొప్పికి ముఖం ముడుచుకుంటూ మళ్లీ నవ్వుతున్నాడు.

"నా కార్నర్ బిట్ పాయెనా, ఉన్నదా?" అని ఆటో అన్న లేచి కూర్చున్నాడు.

సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. "ఏయ్, ఏంది గిది! కుట్లున్నయ్ ఆయనకు. నవ్వించకమ్మా!" అని నన్ను వరండాలోకి పంపేసింది.

డాక్టరు అక్కడే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఎప్పటిలా అయితే ఆయన వెళ్లిపోయేదాకా నిలబడేదాన్ని. ఆ రోజు అడిగాను, నాన్న గొంతు ఎప్పటికి వస్తుందని. "వస్తది. మాట్లాడుకుంటడు, మీతో నాతో మాట్లాడినట్టు" అన్నాడు ఆయన. "కాని ఒర్రుడు ఉండదు ఇగ. అరిచే పనేమన్న ఉంటదా ఆయనకు?"

ఉంటుందని చెప్పలేదు. ఏడాదికి ఒక్కరోజు అరవాల్సిన పని అని ఎలా చెప్పాలో తెలియలేదు. వరండా కటకటాల దగ్గర నిలబడ్డాను. కింద గేటు దగ్గర ఆటోలు ఒకదాన్నొకటి గీసుకుంటూ తిరుగుతున్నాయి. గొంతు మండుతోంది. నేల నిలిచిందని సంతోషించాలి. సంతోషంగానే ఉంది. కాని వచ్చే చలికాలం విరిగేటప్పుడు, ఆ తర్వాతి ఏడు, ఆ తర్వాతి ఏడు, గంగ ఎప్పుడు దిగుతుందో తెలియకుండా ఎక్కడున్నా చెవి ఫోను మీదే పెట్టుకుని బతకాలి. ప్రూఫులు మానేసి బురదలో నిలబడాలా? నాన్న తర్వాత ఆ చెలక ఎవరు చేస్తారు? అసలు నాకు విత్తనం పెట్టడం వచ్చా? లోపలికి వెళ్లాను, బయటికి వచ్చాను, మళ్లీ లోపలికి వెళ్లాను. నాన్న నిద్రపోతున్నాడు. ఎన్నో రోజుల తర్వాత కాళ్లు రెండూ కదలకుండా చాపుకుని పడుకున్నాడు.

ఎండ వాలుతుండగా ఫోన్ మోగింది. పెదనాన్న నంబరు. ఆయన నాకెప్పుడూ ఫోన్ చెయ్యలేదు. నేల గురించే, మనసు మార్చుకున్నాడు అనుకుంటూ ఎత్తాను.

"ఏం చేస్తుండు మీ నాయిన?"

"నిద్రపోతున్నాడు పెదనాన్నా."

"పడుకోనియ్ తియ్. లేచినంక చెప్పు, విత్తనం పడ్డదని. మీ అమ్మ ఒక్కతి యాడ పెడ్తది? నా కొడుకులు, కోడండ్లు అంత కలిసి రెండు దిక్కుల పెట్టేసినం. మీ దిక్కు పల్లాన ఇంక తడి బాగుంది, పుచ్చ మస్తుగ వస్తది ఈసారి."

గాలి లేదు ఇప్పుడు. ఆయన ఇంట్లో ఎవరో పిల్లలు కొట్టుకుంటున్న చప్పుడు వినపడుతోంది. థాంక్స్ చెప్పాలా, తప్పు పిలిచినందుకు ఏమైనా అనాలా అని తడుముకుంటున్నాను.

"ఇంకోటి ఇను" అన్నాడు. "వచ్చేటేడు ఫోన్ల గాదు. కాళ్లకు బురద పెట్టుకొని నువ్వే వచ్చి నిలవడాలె. ఎగువ ఏదో దిగువ ఏదో నేర్చుకొని రా. రాకపోతె మాత్రం, చెప్తున్న, నేను నోరు తెరువ."